చలిలో ఉలి పట్టిన చేయి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



శిల్పమును చూచినవారు శిల్పి బుద్ధిని మెచ్చుదురు. అతని కంటిని మెచ్చుదురు. అతని వ్రేళ్ల వెచ్చదనమును గురించి తలచువారు అరుదు. ఉలి అంచు కొయ్యలో నూలుపోగంత దిగినదా, రెండు పోగులంత దిగినదా అని ముందుగా ఎఱుగునది వ్రేలికొన. ఆ కొన చలికి మొద్దుబారినచో ఎంతటి నిపుణుడైనను మొన్న పనికి కుదిరిన పిల్లవానితో సమానుడగును.

తెలుగునాట వడ్రంగికి ఈ బాధ అంతగా తెలియదు. ఇచ్చట అతనికి ఎండతోనే పోరు. మన్యమున లంబసింగి, పాడేరు ప్రాంతములలో మార్గశిర పుష్య మాసముల తెల్లవారుజామున నెగడు చుట్టు చేరి చేతులు కాచుకొనువారు కలరు. కాని ప్రొద్దెక్కినకొలది అచ్చటను ఆ బాధ తగ్గును. వారములకొలది పగటిపూట సైతము చలి విడువని చోట కొయ్యపని ఎట్లు సాగునో తెలియవలెనన్న కాశ్మీరమును చూడవలెను.

శ్రీనగరము సముద్రమట్టమునకు సుమారు 1,585 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చటి జనులు చలికాలమును మూడు భాగములుగా లెక్కింతురు. డిసెంబరు 21వ తేదీన మొదలై 40 దినములుండునది చిల్లై కలాన్, అనగా పెద్ద చలి. పిదప 20 దినములు చిల్లై ఖుర్ద్, చిన్న చలి. ఆపైని 10 దినములు చిల్లై బచ్చా, పిల్ల చలి. 1934 డిసెంబరు 13వ తేదీన ఆ నగరమున శీతము సున్నకు దిగువ 12.8 డిగ్రీల వరకు దిగినది. అట్టి దినములలో కుళాయినీరు గడ్డకట్టును. డాల్ సరస్సుపై మంచుపొర ఏర్పడును.

ఆ నగరపు పాత పేటలలో అక్రోటు కొయ్యపై నగిషీ చెక్కువారు తరతరములుగా నున్నారు. అక్రోటునకు సంస్కృతమున అక్షోటమని పేరు. దాని దారువు గట్టిది, సన్నని పోచ కలది, గోధుమవన్నెపై నల్లని చారలు కలది. పలకలుగా కోసి, గాలి ఆడునట్లు పేర్చి, ఏండ్ల తరబడి ఆరనిచ్చి గాని దానిపై ఉలి పెట్టరు. తరువాత చినారు ఆకులు, తామరలు, గులాబీలు, ద్రాక్షతీగెలు దానిలో మొలచును. మెట్టచెక్కుడు కలదు, లోతుచెక్కుడు కలదు, వెలుగు ఆవలికి కనబడు జాలిపని కలదు. పలుచని జాలిలో ఒక్క పుల్ల విరిగినచో మాసముల శ్రమ వృథా యగును. కావున శిల్పి బ్రదుకంతయు వ్రేలికొన మీదనే నిలిచియున్నదనుట అతిశయోక్తి కాదు.

చలి వ్రేళ్లను ఏల ముందుగా పట్టుకొనును? దేహము మంచి గృహస్థు వంటిది. కరవు వచ్చినపుడు గృహస్థు లోపలి గాదెను కాపాడుకొని బయటి వ్యయమును తగ్గించును. అటులనే చలి సోకగానే దేహము గుండె, మెదడు మొదలగు అంతరంగములకు వేడిని దాచి, వ్రేళ్ల చర్మములోని రక్తనాళములను ముడుచుకొనజేయును. రక్తము తగ్గిన వ్రేలు చల్లబడును, స్పర్శ మందగించును, కీళ్లు బిగుసుకొనును. చర్మపు వేడిమి 15 డిగ్రీలకు దిగువకు పోవుసరికి వ్రేళ్ల నేర్పు స్పష్టముగా తగ్గునని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. చలిలో నుంచిన వ్రేళ్లకు కొంతసేపటికి రక్తము మరల ప్రవహించి, మరల తగ్గి, అలలవలె వచ్చిపోవునని 1930లో థామస్ లూయిస్ అను బ్రిటిష్ వైద్యశాస్త్రజ్ఞుడు వివరించెను. కాని ఆ అల వచ్చువరకు ఉలి ఆగదు గదా!

ఇచ్చట గమనింపవలసిన విషయము మరియొకటి కలదు. వ్రేళ్లను ముడుచు పెద్ద కండరములు వ్రేళ్లలో లేవు. మోచేతికిని మణికట్టునకును నడుమ నున్నవి. అచ్చటినుండి నరముల వంటి త్రాళ్లు వ్రేళ్లను లాగుచుండును. కావున ముంజేయి చల్లబడిన, వ్రేలికొనను ఎంత కాచినను పని చురుకుగా సాగదు. ఇక రొమ్మును పొట్టయును వెచ్చగా నుండినచో దేహము తనంతట తానే వ్రేళ్లకు రక్తము పంపును. చేతులు వెచ్చగా నుండవలెనన్న ముందు మొండెము వెచ్చగా నుండవలెను.

ఈ శాస్త్రమును కాశ్మీరజనులు పుస్తకమున చదువకయే ఆచరణలో పెట్టిరి. వారు ఫేరన్ అను వదులైన పొడుగాటి అంగీ ధరింతురు. దాని లోపల కాంగ్డీ అను చిన్న కుంపటి నుంచుకొందురు. సుమారు ఆరంగుళముల వెడల్పు గల మట్టిపాత్ర, దాని చుట్టు సన్నని బెత్తములతో అల్లిన బుట్ట, పట్టుకొనుటకు పిడి, నిప్పు కదుపుటకు చిన్న గరిటె. ఇదియే దాని స్వరూపము. చినారు ఆకుల బొగ్గు, పండ్లచెట్ల పుల్లల బొగ్గు దానికి ఆహారము. పావుకిలో బొగ్గు బూడిద కప్పుకొని గంటల తరబడి మెల్లగా రగులుచుండును. చరార్-ఎ-షరీఫ్ అను ఊరి కాంగ్డీలకు ప్రసిద్ధి ఎక్కువ. కుమ్మరి, బుట్టలల్లువాడు, బొగ్గు అమ్మువాడు ముగ్గురును కలసిననే గాని ఒక శిల్పి చేయి వెచ్చబడదు.

అమరకోశమున ఇట్టి నిప్పుపాత్రకు అంగారధానిక, అంగారశకటి, హసంతి మొదలగు పేర్లు గలవు. హసంతి యనగా నవ్వుచున్నది. బూడిద తొలగింపగానే కణకణలాడు నిప్పును చూచి ఆ పేరిడినవారు చలి బాధ ఎఱిగినవారే యైయుందురు.

కొట్టములో పని సాగు తీరు ఇట్టిది. శిల్పి నేలపై కూర్చుండును. కాంగ్డీ మోకాళ్ల నడుమనో, ప్రక్కనో ఉండును. కొంతసేపు చెక్కి, చేతులను ఫేరన్ లోపలికి తీసికొని కాచుకొని, మరల ఉలి పట్టును. నడుమ సమోవార్ నుండి ఉప్పుతేనీరు వచ్చును. ఆ రాగిపాత్ర నడిమి గొట్టములోను బొగ్గే రగులుచుండును. వేడి గిన్నెను రెండు అరచేతులతో పట్టుకొనుటయు ఒక చికిత్సయే.

ఏ దేశపు వడ్రంగికైనను పనికివచ్చు సూత్రములు కొన్ని ఇందుండి తేలుచున్నవి. ఇనుము కొయ్యకంటె వందల రెట్లు వేగముగా వేడిని హరించును. కావున పనిముట్టును కొయ్యపిడి వద్దనే పట్టవలెను, ఇనుప భాగము చల్లగా నున్నచో ముందు కొంత వెచ్చబరుపవలెను. మణికట్టునకు, ముంజేతికి ఉన్నితొడుగు వేసి వ్రేలికొనలను విడిచిపెట్టినచో స్పర్శ చెడదు. ఉదయమున మోటుపని, చేతులు వేడెక్కిన పిమ్మట సన్నపని చేయవలెను. ఉలి వాడిగా నుండవలెను. మొద్దుబారిన ఉలికి బలము కావలెను, చలిలో బలము పెట్టిన చేయి జారును. తిరుగు యంత్రముల దగ్గర మాత్రము చేతితొడుగులు పనికిరావు. వాని అంచు చిక్కుకొన్నచో యంత్రము చేతినే లాగుకొనును. తోలుజిగురుతో అతుకు వేయువారు కొయ్యను ముందు వెచ్చబరుపవలెను. చల్లని కొయ్యపై ఆ జిగురు పట్టుకొనకముందే గడ్డకట్టును.

ఇంతవరకు నిప్పు చేసిన మేలు. అది చేసిన కీడును కూడ చెప్పక తప్పదు. 1866లో ఎల్మ్‌స్లీ అను వైద్యుడు కాశ్మీరమున ఒక వింత వ్రణమును గుర్తించి లోకమునకు తెలిపెను. కాంగ్డీని ఏండ్ల తరబడి దేహమునకు చేర్చి పట్టుకొనువారి తొడల మీదను పొత్తికడుపు మీదను చర్మము మొదట వలవలె మచ్చలు పడును. కొందరిలో కాలక్రమమున అది పుండై కాన్సరుగా మారును. మాటిమాటికి తగులు వేడియే దీనికి ముఖ్యకారణము. తలుపులు మూసిన గదిలో బొగ్గుపొగ ప్రాణాంతకము. పొట్టు పరచుకొన్న కొట్టములో బోర్లపడిన కాంగ్డీ ఇల్లును కాల్చును. చేతిని బ్రదికించిన నిప్పే దేహమును హరించుట ఎంతటి విషాదము!

చలి వలని కీడు కాశ్మీరమునకే చెందినది కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున సున్నపురాయి చెక్కువారు గాలియంత్రపు సుత్తులు వాడుచుండగా, చలి ఉదయములలో వారి వ్రేళ్లు తెల్లబడి చచ్చుబడుచుండెను. 1918లో ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు వారిని పరీక్షించి, యంత్రపు అదురును చలియును కలసి చేసిన కీడు ఇదియని నిరూపించెను. ఆమె వ్రాయనంతవరకు అది కార్మికుని ఇంటి బాధ. వ్రాసిన పిదప అది లోకపు విచారణకు వచ్చినది.

ఈ కీడునకు ఉపాయము లేకపోలేదు. దేహమునకు నిప్పు కట్టుకొనుటకు మారుగా గదినే వెచ్చబరుపవలెను. కాశ్మీరముననే బుఖారీ అను ఇనుపపొయ్యి కలదు. పొగ గొట్టము ద్వారా బయటికి పోవును. హమామ్ అను గదిలో రాతినేల క్రింద కట్టెలు మండించి నేలనంతటిని వెచ్చజేయుదురు. అట్టి గదిలో పదిమంది శిల్పులు కూర్చుండి నిశ్చింతగా పని చేయవచ్చును. దానికి కట్టెయో విద్యుత్తో కావలెను. కట్టెకు ధనము కావలెను.

ఇచ్చటనే కొనువారి వంతు వచ్చును. కాశ్మీరపు కొయ్యపెట్టె తెలుగు పట్టణముల అంగళ్లకును వచ్చుచున్నది. దానిని చేతబట్టి బేరమాడువాడు కొయ్యకు ఇంత, కూలికి ఇంత, రవాణాకు ఇంత అని మనస్సులో పద్దులు వేయును. శిల్పి కొట్టమును వెచ్చబరుచు ఖర్చునకు ఆ లెక్కలో పద్దు లేదు. పద్దు లేని ఖర్చును ఎవడో ఒకడు తన చర్మముతో చెల్లించుచుండును. లెక్క సరిగా వ్రాయవలెనన్న ఆ పద్దును కూడ చేర్చవలెను. రూపాయి రెండు రూపాయలు తగ్గింపుమని బిగిసి కూర్చుండుటకు ముందు ఇది స్మరించుట కొనువాని ధర్మము.

మంచు ఎన్నడును పడని పల్లెలో మంచునేల శిల్పి కష్టము తెలిసికొనుటకు గ్రంథాలయము తక్క వేరు దారి లేదు. 1895లో అచ్చు వేయబడిన వాల్టర్ లారెన్స్ దొర గ్రంథమున కాశ్మీరపు కాంగ్డీ ముచ్చట కలదు. ఆయన అచ్చటికి భూమిశిస్తు బందోబస్తునకై పోయిన ఉద్యోగి. పొలములు కొలువ బోయినవాడు జనులు చలి కాచుకొను తీరును కూడ వ్రాసిపెట్టుట వలన ఆ వృత్తాంతము దూరదేశములవారు చదువుటకు దొరికినది. ఈ గ్రామపు యువకులును చుట్టుపట్ల వడ్రంగులు, కమ్మరులు, కుమ్మరులు ఏ బాధతో ఏ నేర్పుతో పని చేయుచున్నారో అడిగి వ్రాసి ఈ బీరువాలలో చేర్చుదురుగాక. స్వర్ణోత్సవము నాటికి అట్టి గ్రంథమొకటి సిద్ధమైనచో ఈ రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.