మీరు నంద్యాలలో, ప్రింట్ బనగానపల్లెలో!

మన బనగానపల్లెలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలు చాలానే ఉన్నాయి కదా. లారీ కదలాలంటే డ్రైవర్ చేతిలో బిల్లు ఉండాలి. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు కూడా కావాలి. లోడ్ రెడీ, కానీ బిల్లు కొట్టాల్సిన మీరేమో పని మీద నంద్యాల వెళ్లారు. ఏం చేస్తారు?

ముందే ఆఫీసు కంప్యూటర్‌లో క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకోండి. ఇది ఫ్రీ. విండోస్ హోమ్ ఉన్నా చాలు. కనీసం 6 అంకెల పిన్ పెట్టి, స్లీప్ మోడ్ ఆపేయండి. కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్తే కనెక్ట్ కాదు. ఇక ఫోన్‌లో అదే గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఆఫీసు స్క్రీన్ మీ చేతిలో ఉన్నట్టే. అందులో ప్రింట్ కొడితే కాగితం ఆఫీసు ప్రింటర్‌లోనే వస్తుంది. ప్రింటర్ ఆన్‌లో ఉండాలి, పేపర్ ఉండాలి, అంతే.

ఇప్పుడు అసలు విషయం వినండి. బ్యాంకు నుంచి అంటూ ఎవరో ఫోన్ చేసి, ఎనీడెస్క్ వేసుకొని కోడ్ చెప్పమంటారు. దీని గురించి రిజర్వ్ బ్యాంక్ 2019లోనే హెచ్చరించింది. కోడ్ చెప్పడమంటే గల్లాపెట్టె తాళం ఇచ్చేయడమే! మీ పిన్ ఎవరికీ చెప్పొద్దు. గూగుల్ అకౌంట్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ తప్పకుండా పెట్టండి. పిన్ తెలిసినవాళ్లు పని మానేస్తే, ఆరోజే మార్చేయండి.

డౌట్లుంటే కామెంట్లో అడగండి ఫ్రెండ్స్. ఉంటా మరి!