గని తరిగేలోగా గాదె నింపాలి

(పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘంలో మిగులు కనబడగానే మనందరి నోటా వచ్చే మాట ఒకటే: "ఈ ఏడు బోనసు ఎంత?" అడగడంలో తప్పు లేదు. కాని ఆ మిగులు తరిగిపోయే వనరు నుంచి వచ్చిందా అని కూడా అడగాలి. ఈ ప్రశ్న మరచి దేశాలే దెబ్బతిన్నాయి.

పసిఫిక్ సముద్రంలో నౌరూ అనే దీవి ఉంది. విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. అక్కడి భాస్వరపు రాతిని 1907 నుంచి ఎగుమతి చేశారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పచ్చిక బయళ్లకు అదే ఎరువు. అంటే అక్కడి పాడిలో ఈ దీవి నేలకూ వాటా ఉంది. 1968లో స్వాతంత్ర్యం వచ్చింది. 1970లలో తలసరి ఆదాయంలో నౌరూ ప్రపంచంలోనే ముందు వరుసలో నిలిచింది. వాళ్లూ నిధి పెట్టుకున్నారు. అయితే విమానాలకు, విదేశీ భవనాలకు డబ్బు పోసి, అప్పులు చేశారు. 1993లో లండన్‌లో ఒక సంగీత నాటకానికి కూడా పెట్టుబడి పెట్టి పోగొట్టుకున్నారు. శతాబ్దం ముగిసేసరికి రాయి దాదాపు అయిపోయింది. మెల్‌బోర్న్‌లోని భవనాన్ని 2004లో అమ్ముకున్నారు. దీవిలో చాలా భాగం సాగుకు పనికిరాని గుంతలుగా మిగిలింది.

నార్వేకు 1969లో సముద్రగర్భంలో పెద్ద చమురు నిక్షేపం దొరికింది. 1990లో నిధికి చట్టం చేసి, 1996లో మొదటి జమ వేశారు. ఏటా నిధిలో సుమారు 4 శాతం మించి వాడరాదని 2001లో కట్టుబాటు పెట్టుకుని, 2017లో దాన్ని 3 శాతానికి తగ్గించారు. 2014లో చమురు ధర పడిపోయింది. 2016లో మొదటిసారిగా నిధి నుంచి తీసుకుని గడ్డురోజులు దాటారు.

నిధి రెండు దేశాలకూ ఉంది. కట్టుబాటు ఒక్కరికే ఉంది.

మన గని బోరు నీరు. పచ్చిమేత దానివల్లే, పాలూ దానివల్లే. నీరు అడుగంటితే, వాన తప్పితే, క్యాన్లు ఖాళీగా తిరిగి వస్తాయి. 2002 కరువులో మేత లేక పాడి పశువులను అయినకాడికి అమ్ముకున్న ఇళ్లు మనలో ఎన్నో. వాన వచ్చినా, అమ్మిన గేదె తిరిగి రాదు.

కనుక మా మనవి ఇది. బోనసు ప్రకటించే ముందు, రిజర్వు ఫండుకు తోడుగా, కరువు మేత నిధికి కొంత తీయండి. దాన్ని ఎప్పుడు, ఎంతవరకు వాడవచ్చో మంచి ఏడులోనే మహాసభలో తీర్మానించి, మినిట్సు పుస్తకంలో రాయించండి. ఈ ఏడు బోనసు నాలుగు రూపాయలు తగ్గవచ్చు. కాని వాన తప్పిన ఏడు కొట్టంలో గేదె నిలుస్తుంది.