కాలో త్రిభుజంలో కత్తి పెట్టే ముందు

ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ గురువుగారు జీవితమంతా అనాటమీ బోధించారు. అందుకని మనిషికీ మనిషికీ శరీర నిర్మాణంలో ఉండే తేడాల గురించి మాట్లాడదలచాను. శరీరమంతా తిరగను. కాలేయం అడుగున అంటుకొని ఉండే పిత్తాశయం దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

పిత్తాశయంలో రాళ్లు బాధపెడితే దాన్ని తీసేయడం ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ జరిగే ఆపరేషన్. 1985లో జర్మనీలో ఎరిష్ మ్యూహె దాన్ని మొదటిసారి లాపరోస్కోపుతో చేశాడు. ఇందులో అసలు ప్రమాదమంతా ఒక చిన్న జాగాలో ఉంది. ఫ్రెంచి సర్జన్ కాలో పేరుతో పిలిచే త్రిభుజం అది. ఒక పక్క పిత్తాశయ నాళం, మరో పక్క కాలేయం నుంచి దిగే పెద్ద పిత్తనాళం, పైన కాలేయం అడుగుభాగం. పిత్తాశయానికి రక్తం తెచ్చే ధమని సాధారణంగా ఇందులోంచే వెళ్తుంది.

పుస్తకంలో ఆ ధమని ఒక్కటే. కుడి కాలేయ ధమని నుంచి పుడుతుంది. ఆపరేషన్ బల్ల మీద అలాగే ఉండాలని లేదు. కొందరికి రెండుంటాయి. కొందరిలో అది పిత్తనాళాన్ని ముందువైపు నుంచి దాటి వస్తుంది. కొందరిలో కుడి కాలేయ ధమనే వంపు తిరిగి పిత్తాశయాన్ని ఆనుకొని నడుస్తుంది. చూసినవాళ్లు పిత్తాశయ ధమని అనే అనుకుంటారు. దానికి క్లిప్పు వేస్తే కాలేయం కుడిభాగానికి ఆ ధమని తెచ్చే రక్తం ఆగిపోతుంది. నాళాల సంగతీ అంతే. కాలేయం కుడి వెనుకభాగం నుంచి వచ్చే నాళం అరుదుగా పిత్తాశయ నాళంలోనే కలుస్తుంది. దాన్ని గుర్తించక మూసేస్తే ఆ భాగంలో పైత్యరసం నిలిచిపోతుంది. కోసేస్తే కడుపులోకి కారుతుంది.

అమెరికాలో నికొలస్ మైకెల్స్ 200 మృతదేహాలను పరిశీలించి, కాలేయ ధమనుల అమరికను 1966లో 10 రకాలుగా విభజించాడు. పుస్తకాల్లో కనిపించే అమరిక ఆయనకు కనిపించింది సుమారు 55 శాతం మందిలోనే. మిగతావాళ్లు రోగులు కారు. పిండదశలో రక్తనాళాలు అనేక దారుల్లో ఏర్పడి, కొన్ని మాసిపోయి కొన్ని నిలుస్తాయి. ఒక్కొక్కరిలో ఒక్కో దారి నిలిచింది, అంతే. దీన్ని లోపంగా బోధించడం తప్పని నా అభిప్రాయం. కిడ్నీ దాతల్లోనూ ఇదే చూస్తాం. దాదాపు నలుగురిలో ఒకరికి ఒక కిడ్నీకైనా ఒకటికి మించి ధమనులుంటాయి. అందుకే ముందుగా సీటీ యాంజియోగ్రామ్ తీస్తారు.

మళ్లీ పిత్తాశయానికి వద్దాం. 2003లో సర్జన్ లారెన్స్ వే బృందం లాపరోస్కోపీలో పిత్తనాళం దెబ్బతిన్న 252 కేసులను పరిశీలించింది. 97 శాతం కేసుల్లో ప్రధాన కారణం కంటి భ్రమ. చేతి నైపుణ్యం చాలక జరిగినవి చాలా కొద్ది. సర్జన్ తాను చూడాలనుకున్నదాన్నే చూశాడన్నమాట. ఈ మాట నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. ఎంత అనుభవం ఉంటే ఆ నమ్మకం అంత గట్టిపడుతుంది కదా!

ఈ పొరపాటుకు విరుగుడుగా సర్జన్ స్ట్రాస్‌బర్గ్ అంతకుముందే, 1995లో, ఒక నియమం పెట్టాడు. త్రిభుజంలోని కొవ్వు, పొరలు పూర్తిగా తీయాలి. పిత్తాశయం కింది మూడోవంతును కాలేయం నుంచి విడదీయాలి. పిత్తాశయంలోకి వెళ్లేవి ఒక నాళం, ఒక ధమని, రెండే రెండని కంటితో చూశాకే క్లిప్పు వేయాలి. వాపు వల్ల అలా కనిపించకపోతే సీనియర్‌ను పిలవండి, పొట్ట తెరవండి, లేదా పిత్తాశయంలో కొంతభాగం వదిలేసి బయటికి రండి. రోగికి ఇంకో రోజు కోత పడినా పిత్తనాళం మిగులుతుంది.

వైద్య విద్యార్థులారా, డిసెక్షన్ హాలులో పుస్తకానికి భిన్నమైన ధమని కనబడితే తెంపి పక్కన పడేయకండి. బొమ్మ గీయండి, కొలతలు రాయండి, మీ శాఖకు అప్పగించండి. మన జనంలో ఏ అమరిక ఎంత తరచుగా ఉందో చెప్పగలిగేది ఆ రికార్డులే.

ఆ డిసెక్షన్‌కు దేహాలు కావాలి కనుక సభలోని పెద్దలకు ఒక విన్నపం. వైద్య కళాశాలల అనాటమీ శాఖలు దేహదానం స్వీకరిస్తాయి. మరణానంతరం దేహాన్ని అప్పగించాల్సింది కుటుంబ సభ్యులే. కాబట్టి మీ కోరికను కాగితం మీద రాసి, ఇంట్లోవాళ్లతో ఇప్పుడే మాట్లాడి ఉంచండి.