ఇలకోడి యెర
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యను గూర్చియు, వసతిగృహమును గూర్చియు నిన్నటినుండి పెద్దలు సవిస్తరముగా సెలవిచ్చియున్నారు. మేము 35 సంవత్సరములు బడిపిల్లలకు సంస్కృతము చెప్పినవారము గనుక శ్లోకములేవో వినిపింతుమని తలఁచి యుందురు. నేఁడు మేము చెప్పఁబూనినది యిలకోడిని గూర్చి. నవ్వఁదలఁచినవారు నవ్వవచ్చును.

అమరసింహుఁడు చేపలను, వలను, గాలమును, వానితోడ మనలను ఒక్క వారివర్గమందే కూర్చెను. కైవర్త, దాశ, ధీవర శబ్దములు మనవి, బడిశమనఁగా గాలము. ఝిల్లిక, చీరి యను పేళ్లతో నిలకోడిని మాత్రము సింహాదివర్గమునఁ జేర్చెను. ఆ రెండు వర్గములను గలిపినవాఁడు గాలము వేయువాఁడే. 12వ శతాబ్దిలో కల్యాణినుండి యేలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుఁడు తన మానసోల్లాసమున మత్స్యవినోదమని యొక ప్రకరణమునే వ్రాసి, చేపల జాతులను, వానికిఁ బెట్టు మేతను, దారమును, గాలమును వర్ణించెను. రాజునకది వినోదము, మన తాతలకది కూడు.

ఇలకోళ్లు గడ్డివాముల యడుగునను, రాళ్ల క్రిందను, ఇసుకనేలల బొరియలలోను దొరకును. బొరియలో చెంబెడు నీరు పోసిన వెలికి వచ్చును. సాయంకాలము గట్టుపైఁ దడిగోనె పఱచి వేకువనే యెత్తి చూచినను చిక్కును. కూఁతనుబట్టి వెదకువానికి మగవియే దొరకును, ఆఁడుది కూయదు. ఎరకు రెండును సమానమే. కుండలో గుప్పెడు తవుడును, ఎండుటాకులును వేసి, మూతికిఁ బలుచని గుడ్డ వాసెన గట్టవలెను. తేమ నిలిచెనా, తెల్లవారునప్పటికి సగము చచ్చును. మందు కొట్టిన ప్రత్తిచేలలోని వానిని మాత్రము ముట్టకుఁడు. ఆ విషము చేపకును, తిన్నవారికిని జేరఁగలదు.

కడుపున ముల్లు గ్రుచ్చువాఁడు పని నేర్వనివాఁడు. ఆ పురుగు వెంటనే చచ్చి తడిసిన పొట్టువలె వ్రేలాడును. మెడవెనుకనున్న గట్టిపెంకు క్రింద సన్నని ముల్లును పైపైన దూర్చి వెలికిఁ దీయవలెను. అప్పుడది నీటిపైఁ జాలసేపు కాళ్లు తన్నుకొనుచుండును. గుండు కట్టరాదు. తామరాకుల సందునను, గుఱ్ఱపుడెక్క యంచునను మెల్లగా దింపినఁ జాలును. ఆ తన్నులచేఁ బుట్టు చిఱుయలలే కొఱ్ఱమీనును బిలుచును. బొచ్చె, రోహితములకై యిలకోడిని వృథాచేయకుఁడు. వానికిఁ దవుడుముద్దయే ప్రియము. కొందఱు బ్రతికిన కప్పను గ్రుచ్చుదురు. అది చూడ మాకు మనసొప్పదు. ఇలకోడి విషయమున నీ జాలి యెందుకు లేదని మా మనుమరాలడిగినది, బదులు చెప్పలేకపోతిమి.

ఇఁక మమ్మీ వేదికపైకిఁ దెచ్చిన మాట. మాకు పదునొకండేండ్ల ప్రాయమున మేనమామ వెంటఁ జెఱువునకుఁ బోతిమి. తొలకరి కురిసిన దినములు. తుంగ ప్రక్కను నీరు ఎఱ్ఱగా నుడుకుచున్నట్లు కనఁబడెను. “అవి పిల్లలు. తల్లి క్రిందనే యుండును. అక్కడనే వేయుము, అల్లుఁడా!” యని మామ చెప్పెను. ఇలకోడి నీటిని దాఁకుటయే తడవుగాఁ గొఱ్ఱమీను పైకెగసి పట్టెను. మామ వీపు తట్టెను, ఇంటిల్లిపాదియుఁ దింటిమి. మఱునాఁడు పోయి చూడఁగా నా పిల్లలగుంపు సగమై చెల్లాచెదరై యుండెను. చుట్టు జెల్లలు తిరుగుచుండెను. మూఁడవనాఁడు నీరు తేటగానుండెను.

ఆ చేప యాఁకలిచేఁ గఱవలేదు. తన పిల్లలమీఁదికేదో వచ్చినదని కఱచినది. కొఱ్ఱమీను గ్రుడ్లను, పిల్లలను గాచుకొను జాతి. ఆ కాపుదలలో ముందువెనుకలు చూడక పైఁబడును. దాని నేర్పరితన మనుకొని మురిసితిమి గాని, యక్కడఁ బట్టుట కేమి నేర్పు కావలెను?

2016వ సంవత్సరము మొదలుగాఁ దెలంగాణ ప్రభుత్వమువారు చెఱువులలో విడిపించిన పిల్లలలో బొచ్చె, రోహితము, బంగారుతీఁగయే ముఖ్యము. కొఱ్ఱమీను ఆ రాష్ట్రమునకు రాష్ట్రమత్స్యమే యైనను, దాని పిల్లలు తమలోఁ దామే తినుకొనునవి గనుక పెంచుట కష్టము. చెఱువులో దాని సంతతి నిలుపవలసినది ప్రధానముగాఁ దల్లిదండ్రులే.

కావున పిల్లలగుంపు కనఁబడినచోట, అవి విడిపోవువఱకు, మనవారెవ్వరును గాలము వేయరాదనియు, ప్రతి గ్రామసంఘమును తొలకరికి ముందే దీనిని చాటింపవలెననియు మేమొక తీర్మానమును బ్రతిపాదించుచున్నాము. బలపఱచువారిని బిలువ అధ్యక్షులవారిని బ్రార్థించుచున్నాము.