బంగారు గని మూతపడ్డాక బతుకుతెరువు

మారికుప్పం స్టేషన్లో తెల్లవారకముందే బెంగళూరు బండి కోసం జనం చేరతారు. చేతిలో క్యారియర్, కళ్ళలో నిద్ర. కె.జి.ఎఫ్.లో కాపురం, బెంగళూరులో పని. బంగారం పండిన ఊరికి ఈ రైలు ఎందుకు దిక్కయిందో ఈ రోజు కాస్త ముచ్చటించుకుందాం.

1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గనులు చేపట్టింది. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి మన తెలుగువారు పనికి వచ్చారు. 1902లోనే శివనసముద్రం కరెంటు గనికి చేరింది. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది ఆ తరువాతే! చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతుకు దిగింది. కూలి, ఇల్లు, ఆసుపత్రి, అన్నీ గని చలవే. తవ్వేకొద్దీ రాతిలో బంగారం తగ్గింది, ఖర్చు పెరిగింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. 1964లో ఏర్పడిన బి.ఇ.ఎం.ఎల్. సంస్థ కర్మాగారం ఉన్నా, అందరికీ అక్కడ చోటెక్కడిది?

జిల్లాలోని పల్లెల సంగతి వేరు. ఏడాది పొడుగునా పారే నది లేదు. చెరువు ఎండితే బోరే గతి. అందుకే రైతు ఒక్కదాన్నే నమ్ముకోలేదు. పొద్దున, సాయంత్రం సొసైటీలో పాలు పోస్తాడు. నిజానికి ఎక్కువగా పోసేది ఇంటి ఆడవాళ్ళే. మల్బరీ ఆకు మేపితే నెల తిరిగేలోగా పట్టుగూళ్ళు చేతికొస్తాయి. శ్రీనివాసపురం మామిడి సరేసరి. టమాటా మాత్రం జూదమే. 2023 జూలైలో కోలారు మార్కెట్లో 15 కిలోల పెట్టె 2,000 రూపాయలు దాటింది. అదే టమాటాను ధర లేక రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఉన్నాయి.

ఐరోపాలో లక్సెంబర్గ్ అని ఒక దేశం. మన కోలారు జిల్లా కన్నా చిన్నది. అదీ ఇనుప గనులు, ఉక్కు కొలుముల మీదే బతికింది. 1970లలో ఉక్కుకు గిరాకీ పడిపోగానే ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు ఒకచోట కూర్చున్నాయి. మిగులు కార్మికులకు వేరే పనులు చూపారు, వయసు మళ్ళినవారికి ముందే పింఛను ఇచ్చారు. ఈలోగా బ్యాంకులు పెరిగాయి. చివరి బ్లాస్ట్ ఫర్నేస్ 1997లో ఆరింది. 2015లో ఆ కొలిమి స్థలానికే విశ్వవిద్యాలయం తరలివచ్చింది. ఇప్పుడు పొరుగు దేశాలవాళ్ళే రోజూ సరిహద్దు దాటి అక్కడికి పనికి వెళతారు.

అక్కడ కొలిమి ఆరేలోగా వేరే పని సిద్ధమైంది. ఇక్కడ గని ముందు మూతపడింది. నరసాపురలో హోండా స్కూటర్ల ఫ్యాక్టరీ 2013లో మొదలయ్యింది, ఫోన్ల ఫ్యాక్టరీ ఇంకా తరువాత. ఆ పన్నెండేళ్ళలో గని కార్మికుడి కొడుకు పెద్దవాడయ్యాడు, రైలు పాసు తీసుకున్నాడు. సైనైడ్ దిబ్బల పక్క ఇంటి నుంచి బయలుదేరి, రాత్రి దీపాలు పెట్టాక ఎప్పుడో తిరిగొస్తాడు.