అక్షరానికి ఒక చిన్న వాకిలి
(ప్లాటినం జూబిలీ సభా ప్రసంగ పాఠం)



చెన్నపట్నానికీ తెలుగు అక్షరానికీ గల బంధం చిరకాలమైనది. వావిళ్ళ వారి ముద్రణాలయం 1854లో ఈ నగరంలోనే వెలసింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక బొంబాయి నుండి తరలివచ్చి, 1914లో ఇక్కడ దినపత్రికగా రూపొందింది. 1947లో చందమామ ఇక్కడే ఉదయించింది. నాడు సీసపు అక్షరాలను పేర్చిన చేతుల పనిలో కొంత భాగాన్ని నేడు సర్వర్ అనే యంత్రం నిర్వహిస్తున్నది. అటువంటి చిన్న సర్వర్‌ను ఒక పాఠశాల నడపవచ్చునా, నడిపితే ఏ బాధ్యతలు వహించాలి అన్నదే ఈ ప్రసంగ విషయం.

సర్వర్ అనగానే శీతలీకరించిన పెద్ద గదిని ఊహించుకొని భయపడనక్కరలేదు. ఒక పాత కంప్యూటర్ చాలు. దాని పనిని పాఠశాల కార్యాలయంతో పోల్చవచ్చు. టి.సి. కోరే తండ్రి కిటికీ వద్ద దరఖాస్తు నింపి ఇస్తాడు. లోపలి గుమాస్తా నిర్ణీత పద్ధతిలో రిజిస్టరు చూసి, పత్రం తయారుచేసి, అదే కిటికీ గుండా అందజేస్తాడు. వెబ్ ఫారం ఆ దరఖాస్తు వంటిది. స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం ఆ గుమాస్తా వంటిది. సర్వర్‌కూ స్క్రిప్టుకూ మధ్య సమాచారం సాగే పద్ధతిని 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎన్.సి.ఎస్.ఎ. రూపొందించింది. కామన్ గేట్‌వే ఇంటర్‌ఫేస్ అని దానికి పేరు.

ఈ ఏర్పాటు భారతీయ లిపులకు ఎంతో ఉపకరించింది. అవినాష్ చోప్డే 1991లో వెలువరించిన ఐట్రాన్స్, రోమన్ అక్షరాలలో టైపు చేసిన మాటలను తెలుగు మొదలైన లిపులలోకి మార్చింది. తరువాత దానికి వెబ్ ఫారం అమరడంతో, తమ కంప్యూటర్‌లో ఆ ప్రోగ్రాం లేనివారికీ ఆ సౌకర్యం అందింది. ఈ నగరంలోనే ఐ.ఐ.టి. మద్రాసులోని సిస్టమ్స్ డెవలప్‌మెంట్ లాబొరేటరీ, ఆచార్య అనే పేరిట సంస్కృత పాఠాలనూ, భారతీయ లిపులను గూర్చిన విజ్ఞానాన్నీ వెబ్‌లో ఉంచింది. 2006లో వచ్చిన లేఖిని మరొక మార్గం చూపింది. అందులో లిపి మార్పిడి సర్వర్‌లో గాక, రాసేవారి బ్రౌజరులోనే జరుగుతుంది. సర్వర్ చేయనక్కరలేని పనిని దానికి అప్పగించకపోవడమే నిర్వాహకునికి మొదటి వివేకం.

రెండవ వివేకం లిపిని ఎరిగి ఫారం తయారుచేయడం. లక్ష్మి అనే పేరు పిల్లల లెక్కలో రెండే అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలు. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున మొత్తం 21 బైట్లు. ఆంగ్లాన్ని మాత్రమే దృష్టిలో ఉంచుకొని పేరుకు 20 బైట్ల చోటు కేటాయిస్తే, చివరి గుడి రాలిపోయి లక్ష్మి కాస్తా లక్ష్మ అవుతుంది. బిడ్డ పేరునే సరిగా నిలుపలేని రిజిస్టరు ఎంత వేగంగా పనిచేసి ఏమి లాభం?

మూడవది జాగరూకత. కిటికీలో వచ్చిన ప్రతి కాగితాన్నీ గుమాస్తా ఆజ్ఞగా భావించరాదు. బాష్ అనే ప్రోగ్రాంలో 1989 నుండి దాగి ఉన్న లోపం 2014 సెప్టెంబరులో షెల్‌షాక్ పేరిట బయటపడింది. ఫారాల వెనుక బాష్‌ను వినియోగించిన సర్వర్లు, అపరిచితులు పంపిన మాటలను ఆజ్ఞలుగా పాటించే ప్రమాదంలో పడ్డాయి. కనుక వచ్చిన ప్రతి మాటనూ పరీక్షించాలి. సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు సరిచేయాలి. అవసరానికి మించి ఏదీ అడుగరాదు. పిల్లల వ్యక్తిగత సమాచారం సేకరించడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నిర్దేశించింది. చట్టం చెప్పకపోయినా అది పాఠశాల ధర్మమే.

నాలుగవది నిలకడ. 2015 డిసెంబరు వరదలనూ, 2016 డిసెంబరు 12న విరుచుకుపడిన వర్దా తుపానునూ చెన్నై మరువలేదు. కావున ప్రతి రచనకూ నకలు ఒకటి మరొక ఊరిలో ఉండాలి. అంతకంటె ముఖ్యం మనుషులు. సర్వర్ మర్మం ఒక్కరికే తెలిసి ఉంటే, ఆ ఒక్కరి బదిలీతో వాకిలి మూతపడుతుంది. ఒక ఉపాధ్యాయుడు, ఒక పూర్వ విద్యార్థి, పై తరగతుల పిల్లలు ఇద్దరు ఆ పనిని కలిసి నేర్వాలి. చేయవలసిన విధానాన్ని తెలుగులో రాసి ఉంచాలి.

ఇంత శ్రమ ఎందుకని తల్లిదండ్రులు అడుగవచ్చు. 2006 నాటి చట్టం వలన తమిళనాడు పాఠశాలలలో తమిళం దశలవారీగా తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఈ నేలపై పెరిగే బిడ్డలకు తమిళం నేర్వడం మేలే. ఇరుగుపొరుగు భాష బరువు కాదు. అయితే తెలుగులో రాయడానికి చోటు తగ్గిపోతే, తెలుగు చదువుగా మిగలక మాటగా మాత్రమే మిగులుతుంది. ఇంట మాట్లాడే భాషకు బడిలో కాగితం, తెరపై ఫారం రెండూ ఉండాలి. పిల్లల వ్యాసాలు, గ్రంథాలయ పుస్తకాల పట్టిక, పూర్వ విద్యార్థుల జ్ఞాపకాలు ఆ చిన్న వాకిలి గుండా వచ్చి చేరితే, శతాబ్ది ఉత్సవం నాటికి పాఠశాల చరిత్ర దానంతట అదే సిద్ధమవుతుంది.

పూర్వ విద్యార్థులు తమ విద్యను, తల్లిదండ్రులు తమ నమ్మకాన్ని, ఉపాధ్యాయులు తమ ఓర్పును ఈ పనికి అందింతురు గాక. అక్షరం అనగా నశించనిదని అర్థం. దానిని నశింపనీయక కాపాడే భారం మాత్రం మనుషులదే.

శుభం భూయాత్.