గురుశిష్యుల నడుమ ద్వేషమెందుకు?



2012 ఫిబ్రవరిలో చెన్నైలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు తరగతి గదిలోనే తన ఉపాధ్యాయినిని కత్తితో పొడిచి చంపాడు. చదువులో వెనుకబాటును గురించి ఆమె తల్లిదండ్రులకు వ్రాసిన మాటలే ఆ కోపానికి మూలమని నాడు పత్రికలు తెలిపాయి. సినిమాల ప్రభావమని కూడా అన్నారు.

ఆ ఘోరాన్ని నేను సమర్థించను. అయితే మార్కుల సంగతి ఇంటికి చేరినంత త్వరగా, పిల్లవాని అవమానం, భయం పెద్దల చెవిన పడటం లేదని నా మనవి. వినేవారు లేని దుఃఖం క్రోధంగా మారుతుంది.

తైత్తిరీయోపనిషత్తులోని శాంతిపాఠంలో గురుశిష్యులిద్దరూ కలిసి, తమ నడుమ ద్వేషం కలుగరాదని ప్రార్థిస్తారు. అది కలుగవచ్చునని ఋషులెరుగుదురు. అందుకే పాఠానికి ముందే ఆ ప్రార్థన.

కనుక తల్లిదండ్రులారా, నేటి రాత్రి మార్కులు అడిగే ముందు, బడిలో మనసు నొచ్చినదేమైనా ఉన్నదా అని బిడ్డను అడగండి. ఆ మాటను గురువుగారితో కూర్చుని మాట్లాడండి.

స్వస్తి.